సెకనులో ఎన్ని తస్వీర్లు? మణుగూరు టర్బైన్ నుంచి గేమింగ్ మానిటర్ దాకా

మణుగూరు దగ్గరి భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్‌లో నాలుగు యూనిట్లున్నాయి. ఒక్కొక్కటి 270 మెగావాట్లది. 2015లో పునాది రాయి పడింది, 2022 జనవరికి నాలుగో యూనిట్ కూడా నడిచింది. లోపల తిరిగే టర్బైన్‌కి ఒక కట్టుబాటు ఉంది. నిమిషానికి 3,000 చుట్లు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. 3,000ని 60తో భాగిస్తే సెకనుకు 50. మన ఇంటి స్విచ్ బోర్డులోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుందని స్కూలు కితాబుల్లో చదివింది ఇదే. దాన్నే 50 హెర్ట్జ్ అంటారు.

ఇవాళ మన ఇళ్లలో పిల్లలు హెర్ట్జ్ అనే మాట వాడుతున్నది మాత్రం కరెంటు గురించి కాదు. "అబ్బా, 60 హెర్ట్జ్ మానిటర్ మీద గేమ్ ఆడటం బేకార్, 144 కావాలి" అంటున్నారు. ఇంకొకడు 240 అంటాడు. అబ్బాజాన్ సింగరేణిలో ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి అన్నం ముందు కూర్చుంటే పక్కన నిలబడి ఈ హిసాబ్ చెప్తాడు. ఆయనకు అర్థమయ్యేది ఒక్కటే, ఇది డబ్బుల మాట. కాదనాలా, ఔననాలా? కాదంటే ఏ బునియాద్ మీద, ఔనంటే ఎంత వరకు? దానికి జవాబు దుకాణదారు దగ్గర దొరకదు, యూట్యూబ్‌లో అరిచే కుర్రాడి దగ్గరా దొరకదు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో వాటి తారీఖ్‌లో వెతకాలి. మొదలు పెడితే అది మణుగూరు బొగ్గుకీ, హైదరాబాద్ టీవీ ఫ్యాక్టరీకీ, కైరోలో వెయ్యేళ్ల కిందటి ఒక ఆలిమ్‌కీ తగులుతుంది.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం, ఎందుకంటే చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. రిఫ్రెష్ రేట్ అంటే మానిటర్ తన తెర మీద బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా చూపిస్తుందో ఆ లెక్క. ఫ్రేమ్ రేట్ అంటే కంప్యూటర్ లోపల గ్రాఫిక్స్ కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు తయారు చేస్తుందో ఆ లెక్క. పిల్లలు ఎఫ్‌పీఎస్ అనేది దీన్నే.

వలీమా దావత్ గుర్తు తెచ్చుకోండి. వెనక దేగ్ దగ్గర బావర్చీ ప్లేట్లు నింపుతుంటాడు. ముందర దస్తర్‌ఖాన్ మీద ఒకడు వడ్డిస్తూ లెక్కగా చక్కర్లు కొడుతుంటాడు. బావర్చీ రఫ్తార్ ఫ్రేమ్ రేట్, వడ్డించేవాడి చక్కర్లు రిఫ్రెష్ రేట్. వడ్డించేవాడు 60 చక్కర్లు కొడుతుంటే బావర్చీ 40 ప్లేట్లే నింపాడనుకోండి, కొన్ని చక్కర్లలో పాత ప్లేటే మళ్లీ ముందుకొస్తుంది. తెర మీద అది అటకాయింపులా కనబడుతుంది. బావర్చీ 200 నింపాడు, చక్కర్లు 60 మాత్రమే అయితే మిగతావి వెనకే ఉండిపోతాయి. అంతకంటే పెద్ద గడబిడ, వడ్డించేవాడు ఎత్తుకుంటున్నప్పుడే బావర్చీ ప్లేటు మార్చేస్తే సగం పాత బిర్యానీ, సగం కొత్త బిర్యానీ వస్తుంది. గేమ్‌లో అలా అయితే తెర అడ్డంగా కోసినట్టు పైసగం ఒక చోట, కిందసగం పక్కకు జరిగి కనబడుతుంది. దీనికి టేరింగ్ అని పేరు. మానిటర్ రోగం కాదు అది, ఇద్దరి మధ్య తాళమేళం కుదరకపోవడం.

ఇక తారీఖ్‌లోకి.

కన్నుకి టైమ్ పడుతుంది అన్న మాట ముందు ఎవరు పట్టుకున్నారు? ఇబ్న్ అల్ హైథమ్ కైరోలో ఉన్నప్పుడు, పదకొండో శతాబ్దం మొదట్లో, కితాబ్ అల్ మనాజిర్ రాశాడు. వెలుగు కంటి నుంచి బయటికి పోదు, వస్తువు నుంచి కంటికి వస్తుంది అని దలీల్‌తో చెప్పిన కితాబ్‌గా అందరూ దాన్ని యాద్ చేసుకుంటారు. అందులో బొంగరం మాట కూడా ఉంది. రకరకాల రంగులు పూసిన బొంగరాన్ని జోరుగా తిప్పితే రంగులు విడివిడిగా కనబడవు, అన్నీ కలిసి ఒకే రంగు అవుతాయి. ఎందుకంటే రంగును పోల్చుకోవడానికి నజర్‌కి కొంత జమానా కావాలి, బొంగరం ఆ వ్యవధి ఇవ్వదు. గేమింగ్ మానిటర్ అమ్మేవాళ్లు ఇవాళ మిల్లీసెకన్లలో బేరం చేస్తున్నది ఆ వ్యవధినే.

తర్వాతిది నాకు మరీ ఇష్టమైన ఘట్టం, ఎందుకంటే అందులో బొగ్గుంది. 1765లో పారిస్‌లో షెవాలియర్ డార్సీ అనే ఆయన మండే బొగ్గు ముక్కను తిరిగే యంత్రానికి కట్టి చీకట్లో తిప్పాడు. ఎంత వేగంగా తిప్పితే నిప్పు చుక్క పోయి పూర్తి నిప్పు చక్రం కనబడుతుంది? ఒక చుట్టు సెకనులో దాదాపు ఏడున్నరో వంతులో, అంటే 0.13 సెకన్లలో పూర్తయితే చాలని కొలిచాడు. పీర్ల పండగలో అలావా దగ్గర కొరివి తీసి గిరగిరా తిప్పి పెద్దల చేత దెబ్బలు తిన్న ప్రతి పిల్లాడూ ఈ తజుర్బా చేసినవాడే. డార్సీ చేసిన ఎక్కువ పని, గడియారం పెట్టి కొలవడం.

సినిమా వచ్చాక ఈ కొలత వ్యాపారమైంది. మూగ సినిమాల కాలంలో కెమెరా చేతితో తిప్పేవాళ్లు. సెకనుకు 16 బొమ్మలనీ, 18 అనీ, 20 అనీ తిప్పేవాడి చెయ్యిని బట్టి ఉండేది. ఆట తొందరగా ముగించి ఇంకో షో వేసుకోవాలంటే ప్రొజెక్టర్ జోరు పెంచేవాళ్లు కూడా. మనుషులు తెర మీద కీలుబొమ్మల్లా గబగబా నడవడం ఆ తేడా వల్లే. 1920ల చివర మాట వచ్చింది. చెవిని మోసం చేయడం కష్టం. రఫ్తార్ కొంచెం మారితే కన్ను సర్దుకుంటుంది, గొంతు మాత్రం కీచుమంటుంది. అందుకని సెకనుకు 24 అని ఖరారు చేశారు. అందం కోసం కాదు, ధ్వని బాగుండాలి, ఫిల్ము ఖర్చు తగ్గాలి, ఈ రెండింటి మధ్య కుదిరిన రాజీ అది. "మనిషి కన్ను 24 కంటే ఎక్కువ చూడలేదు" అని పిల్లల్ని నోరు మూయించడానికి పెద్దలు చెప్పే మాట ఆ రాజీ నుంచే పుట్టింది. అది గలత్. 24 సార్లు మాత్రమే వెలుగు కొడితే సినిమా హాల్లో ఎవరూ కూర్చోలేరు, తెర దడదడా మినుకుతుంది. అందుకే ప్రొజెక్టర్ షట్టర్ ఒక్కో బొమ్మను రెండుసార్లో మూడుసార్లో చూపిస్తుంది. బొమ్మలు 24, మినుకులు 48 లేదా 72. ఇక్కడే చూడండి, ఫ్రేమ్ రేట్ వేరు, రిఫ్రెష్ రేట్ వేరు అన్న ఫర్క్ టూరింగ్ టాకీసు ప్రొజెక్టర్‌లోనే ఉంది. దానికి ఈ పేర్లు లేవంతే.

కరెంటు కథ దీనికి సమాంతరంగా నడిచింది. ఇల్లెందు దగ్గర 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనిపెట్టాడు. 1886లో నిజాం రియాసత్‌లో తవ్వకం హక్కు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. అదే 1920లో హుస్సేన్ సాగర్ గట్టున థర్మల్ పవర్ స్టేషన్ వచ్చింది. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ 1966లో మొదలైంది. ఊగే కరెంటు ఎంత వేగంతో ఊగాలన్న తగాదా మాత్రం అంతకు ముందే విలాయతుల్లో తీరిపోయింది. జర్మనీ కంపెనీలు 50 పట్టుకున్నాయి, అమెరికా 60 పట్టుకుంది. ఇంగ్లండ్ చివరికి 50 దగ్గర స్థిరపడింది, మనకు వారసత్వంగా అదే వచ్చింది. జపాన్ పరిస్థితి మరీ తమాషా. తూర్పు సగం జర్మనీ యంత్రాలు కొంది, పడమర సగం అమెరికా యంత్రాలు కొంది. ఈ రోజుకీ ఒకే దేశంలో టోక్యోలో 50, ఒసాకాలో 60.

టీవీ కనిపెట్టినవాళ్లు ఈ కరెంటు లెక్కనే పట్టుకున్నారు. ఆనాటి టీవీ లోపల కరెంటు ఊపు పూర్తిగా వడగట్టబడేది కాదు. తెర ఒక వేగంతో, కరెంటు ఇంకో వేగంతో నడిస్తే బొమ్మ మీద నల్ల పట్టీలు పాకుతాయి. రెండూ ఒకే వేగంతో ఉంటే పట్టీ కదలకుండా నిలబడుతుంది, కంటికి ఆనదు. అందుకని అమెరికా టీవీ సెకనుకు 60 సార్లు, ఐరోపా టీవీ 50 సార్లు. మన దేశం 625 గీతల, 50 ఊపుల పద్ధతి తీసుకుంది. ఒక ఊపులో బేసి గీతలు, మరో ఊపులో సరి గీతలు. అలా సెకనుకు 25 పూర్తి బొమ్మలు. కరెంటు స్టేషన్ టర్బైన్ రఫ్తారే టీవీ తెర రఫ్తార్ అయి కూర్చుంది.

ఇక్కడ హైదరాబాద్ వస్తుంది. 1967లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టినాయన ఎ.ఎస్. రావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి. హైదరాబాద్‌లో ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. ఈసీ టీవీ అంటే ఒక తరానికి టీవీయే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా దేశంలో సైట్ అనే పెద్ద తజుర్బా జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. ఆ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఊళ్లలో పెట్టిన సెట్లు ఈసీఐఎల్ తయారు చేసినవి. అదే సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ కూడా చేసింది. మణుగూరు పక్కన అశ్వాపురంలో గౌతమీనగర్ భారజల కర్మాగారం కూడా అదే అణుశక్తి శాఖది. అంటే మన తెర, మన ఊరి ఫ్యాక్టరీ ఒకే ఖాందాన్‌వి. ఆ రిష్తా సంగతి మణుగూరు పిల్లలకి ఎవరూ చెప్పరు. చెప్తే బాగుంటుందని నా ఖయాల్.

1980ల చివర, 90లలో టీవీకి తగిలించే వీడియో గేమ్ డబ్బాలు వచ్చాయి. జపాన్ నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కి నక్లీలు. పసుపు క్యాసెట్ ఊది పెట్టడం, పని చేయకపోతే మళ్లీ ఊదడం, ఆ జమానా పిల్లలకి యాద్ ఉంటుంది. ఆ గేముల లోపల గడియారం ఉండేది కాదు. తెర ఒక ఊపు ఊగితే మారియో ఒక అడుగు వేయాలి అని రాసేవాళ్లు. 60 ఊపుల జపాన్ తెరకు రాసిన గేమును దిద్దకుండా 50 ఊపుల తెర మీద పెడితే? ఆరో వంతు నెమ్మది. పాట కూడా సాగదీసినట్టు వినబడుతుంది. ఐరోపాలో 1991లో సెగా వాళ్ల సోనిక్ ఇలాగే వచ్చింది. దునియాలో అందరికంటే జోరుగా పరిగెత్తే ముళ్లపంది అని ఇష్తిహార్, తీరా చూస్తే అమెరికా పిల్లల ముళ్లపంది కంటే నెమ్మది. ఐరోపా పిల్లలకి ఏళ్ల దాకా ఆ సంగతే తెలియదు. పోల్చి చూసుకునే మౌకా లేదు మరి. కరెంటు స్టేషన్‌లో ఎప్పుడో జరిగిన నిర్ణయం పిల్లాడి ఆట రఫ్తార్‌ని మార్చడమంటే ఇదే.

కంప్యూటర్ ఈ బంధనం తెంపింది. మానిటర్‌కి టీవీ స్టేషన్‌తో పని లేదు, కరెంటు ఊపుతోనూ పని లేదు, తన సొంత గడియారం ఉంది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో గేములు వాడుకున్న మోడ్ 70 హెర్ట్జ్. 1993లో డూమ్ వచ్చినప్పుడు దాని ఫ్రేమ్ రేట్‌కి 35 దగ్గర హద్దు పెట్టారు. 70లో సరిగ్గా సగం కాబట్టి. ప్రతి బొమ్మా తెర మీద రెండు చక్కర్లు నిలబడుతుంది, అటకాయింపు ఉండదు. ఆ హిసాబ్ చూస్తే ముచ్చటేస్తుంది.

మన దగ్గర నెట్ సెంటర్లు వచ్చింది 2000 తర్వాత. మణుగూరులాంటి ఊళ్లలో నాలుగు పెద్ద డబ్బా మానిటర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, గంటకు ఇంత అని గోడ మీద కాగితం. వాటి మీద ఎక్కువసేపు కూర్చుంటే కళ్లు మంట, తలనొప్పి. చాలామంది దాన్ని ఆట మీదికి నెట్టేశారు. అసలు గుట్టు వేరే ఉంది. ఆ గాజు గొట్టం మానిటర్లు 85 హెర్ట్జ్ దాకా, మంచివైతే 100 దాకా పోగలవు. కానీ విండోస్ వాటిని ఎక్కువగా 60 దగ్గర వదిలేసేది. గాజు గొట్టం తెర నిలకడగా వెలగదు, ఒక చుక్క మెరిసి చల్లారి మళ్లీ మెరుస్తుంది. 60 దగ్గర ఆ మినుకు చాలామంది కంటికి తగులుతుంది, ముఖ్యంగా పక్కచూపులో. సెట్టింగులోకి పోయి 85 పెడితే తెర నిలిచినట్టయ్యేది. పైసా ఖర్చు లేని ఇలాజ్, తెలిసినవాళ్లు తక్కువ. దానికి తోడు వోల్టేజీ స్టెబిలైజర్‌ని మానిటర్ పక్కనే పెట్టేవాళ్లు. దాని ట్రాన్స్‌ఫార్మర్ 50 ఊపుల అయస్కాంతం. 60 ఊపుల తెర పక్కన 50 ఊపుల అయస్కాంతం ఉంటే బొమ్మ సెకనుకు 10 సార్లు వణుకుతుంది. రెండింటి ఫర్క్ పది కదా. స్టెబిలైజర్‌ని రెండు అడుగులు దూరం జరిపితే వణుకు పోయేది.

అన్నట్టు, ఇలాంటి చూపు ధోకా వర్క్‌షాపుల్లో ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. పాత చోక్ పట్టీ ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. దాని కింద లేత్ మెషిన్ ఒక రఫ్తార్‌లో తిరుగుతుంటే ఆగిపోయినట్టే కనబడుతుంది. అందుకే పక్కపక్క లైట్లను వేర్వేరు ఫేజుల మీద పెడతారు. మెషిన్ షాపులో పని చేసినవాళ్లని అడగండి, చెప్తారు.

తర్వాత పల్చటి ఎల్‌సీడీలు వచ్చాయి. బల్ల మీద జాగా మిగిలింది, మినుకు పోయింది. ఆటగాళ్లకు మాత్రం నష్టం. దాదాపు అన్నీ 60 దగ్గరే ఆగిపోయాయి, పైగా ఎల్‌సీడీ ఒక బొమ్మను పట్టుకుని తర్వాతి బొమ్మ వచ్చేదాకా వదలదు. కన్ను కదిలే వస్తువు వెంట నడుస్తుంది, బొమ్మ మాత్రం నిలబడి ఉంటుంది, ఆ రెండింటి మధ్య మసక. పాత డబ్బా మానిటర్‌ని చాలామంది ఆటగాళ్లు ఏళ్ల తరబడి వదలకపోవడానికి వజా ఇదే. 2009లో 120 హెర్ట్జ్ ఎల్‌సీడీలు వచ్చాయి, అవీ ఆట కోసం కాదు, 3డీ కళ్లద్దాల కోసం. ఎడమ కంటికి 60, కుడి కంటికి 60. కళ్లద్దాల షౌక్ చల్లారిపోయింది, 120 మిగిలిపోయింది. 2012 ప్రాంతంలో 144 వచ్చింది. 2013లో ఎన్‌విడియా జీ-సింక్ ప్రకటించింది, ఆ వెనకే ఏఎండీ ఫ్రీసింక్ తెచ్చింది. దావత్ భాషలో చెప్పాలంటే, అంతకు ముందు వీ-సింక్‌లో బావర్చీ వడ్డించేవాడి కోసం ఆగేవాడు, ఇప్పుడు వడ్డించేవాడే బావర్చీ కోసం ఆగుతాడు. నా లెక్కలో ఈ మొత్తం ఇరవై ఏళ్లలో అసలైన తరక్కీ ఇదే. మిగతాది అంకెల పందెం. 2020లో 360, ఆ తర్వాత 500 దాటింది.

ఇప్పుడు అబ్బాజాన్ సవాల్‌కి వద్దాం. దీనివల్ల ఆట బాగుపడుతుందా? పడుతుంది. అమెరికాలో వర్సెస్టర్ పాలిటెక్నిక్‌లో క్లేపూల్ బృందం 2006లో తుపాకీ గేముల మీద తహ్‌కీక్ చేసి చూపింది. బొమ్మ ఎంత సన్నంగా ఉందన్నదాని కంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయన్నదే గురి మీద ఎక్కువ అసర్ చూపుతుంది. అంటే పిల్లాడు చెప్పేది ఝూట్ కాదు. కానీ ఎంత?

60 హెర్ట్జ్‌లో ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు. 144లో 6.9. అంటే దాదాపు పది మిల్లీసెకన్ల ఆదా. 144 నుంచి 240కి పోతే 4.2, అంటే ఆదా మూడు కూడా లేదు. 240 నుంచి 360కి ఒకటిన్నర కూడా లేదు. ధర మాత్రం ప్రతి మెట్టుకీ ఎక్కుతూనే ఉంటుంది. మనిషి ఏదో చూసి వేలు కదపడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆన్‌లైన్ ఆటలో ఇంటి నుంచి సర్వర్ దాకా పోయి రావడానికి 60 మిల్లీసెకన్లు పడుతుంటే, మానిటర్‌లో ఒకటిన్నర మిగిల్చి ఏం లాభం? ముందు నెట్ కనెక్షన్ చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు 50 బొమ్మలే తయారు చేయగలిగితే 240 మానిటర్ కొనడం అంటే ఒక్క బావర్చీకి నలభై మంది వడ్డించేవాళ్లని పెట్టడం. ఖాళీ చేతులతో తిరుగుతారు, కూలీ మాత్రం ఇవ్వాలి.

పిల్లల కళ్ల గురించి ఒక మాట, ఎందుకంటే తల్లులు అడిగేది అదే. ఎక్కువ హెర్ట్జ్ కంటికి హాని కాదు. ఖతరా అసలు ఉన్నది ఎక్కువలో కాదు, తక్కువలో, గట్టిగా మెరిసే రంగుల్లో. 1997 డిసెంబర్ 16న జపాన్ టీవీలో పోకెమాన్ ఒక ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం సెకనుకు 12 సార్లు మార్చి మార్చి మెరిపించారు. ఆ రాత్రి 600 మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాతే టీవీల వాళ్లు మెరుపుల మీద కట్టుదిట్టాలు పెట్టుకున్నారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే గేమ్ మొదట్లో వచ్చే హెచ్చరికను కొట్టేయకుండా చదవాలి, డాక్టర్ సాబ్‌ని అడగాలి. కన్నార్పకుండా గంటల తరబడి చూడటం వల్ల వచ్చే మంట మాత్రం ఏ హెర్ట్జ్‌లోనైనా వస్తుంది.

ఈ షౌక్‌లో ముస్తక్బిల్ ఉందా అన్నది ఇంకో సవాల్. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈస్పోర్ట్స్ పోటీల్లో డోటా 2లో భారత్ జట్టు కాంస్యం గెలిచింది, కెప్టెన్ మొయిన్ ఎజాజ్. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది, ఈస్పోర్ట్స్‌ని మాత్రం దానికి వేరుగా గుర్తించింది. ఈ విడదీత అవసరం. మన ఊళ్లలో రమ్మీ యాప్‌లో జీతం పోగొట్టుకున్నవాడినీ, స్నేహితులతో గేమ్ ఆడే పిల్లాడినీ ఒకే గాటన కట్టి తిట్టడం నాయిన్సాఫీ. అయితే పతకం తెచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కెరీర్ అని చెప్పి మానిటర్ కొనిపించుకునే పిల్లాడిని కూడా హిసాబ్ అడగాల్సిందే. సింగరేణిలో నౌకరీలే తగ్గిపోతున్న కాలంలో ఇంట్లో మిగిలే నాలుగు పైసలు ఎక్కడ పెట్టాలన్నది చిన్న ఫైసలా కాదు.

మణుగూరు కార్టర్లలో ఉండే మా ఆపా కొడుకు ఇంటర్ అయ్యాక ఇదే మాట మీద మారాం చేశాడు. ఫోన్‌లో నన్ను వకీలుగా పెట్టుకున్నాడు. "మామూ, మీరు చెప్తే అమ్మీ వింటుంది." నేను షరతు పెట్టాను. ముందు నీ కంప్యూటర్‌లో నువ్వాడే గేమ్ ఎన్ని ఎఫ్‌పీఎస్ ఇస్తుందో మూడు రోజులు రాసి పంపు అన్నాను. పంపాడు. 90కీ 110కీ మధ్య. అయితే 240 మాట బంద్, 144 చాలు, ఫ్రీసింక్ ఉన్నది చూడు, కొత్తదే కానవసరం లేదు అన్నాను. కొత్తగూడెంలో ఒకాయన వాడి అమ్ముతున్నది దొరికింది. మిగిలిన పైసల్లో డిగ్రీ ఫీజు మొదటి కిస్తీ కట్టారు.

రంజాన్ తర్వాత నేను పోయి చూశాను. వాడు ఖుషీగా ఉన్నాడు, తేడా బ్రహ్మాండంగా తెలుస్తోంది మామూ అన్నాడు. డిస్‌ప్లే సెట్టింగ్ తెరిచాను. 60 అని ఉంది. నెల రోజులుగా 144 మానిటర్‌ని 60 మీదే నడిపిస్తున్నాడు. మార్చడానికి చూస్తే లిస్టులో 144 లేనే లేదు. తీగ చూశాను, ఎక్కడిదో పాత హెచ్‌డీఎమ్‌ఐ, కంప్యూటర్ వెనక మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి కాదు. డిస్‌ప్లేపోర్ట్ తీగ తెప్పించి, కార్డుకి తగిలించి, సెట్టింగ్ మార్చాం. మౌస్ బాణం కదిలిన తీరు చూసి వాడు కాసేపు గేమ్ కూడా తెరవలేదు, బాణాన్నే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

వంటింట్లోంచి ఆపా అడిగింది, "ఏమోయ్, 60 నుంచి 144 అంటే కరెంటు బిల్లు కూడా అంత పెరుగుద్దా?"

మానిటర్‌ది పెద్దగా పెరగదు ఆపా, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువ బొమ్మలు చేస్తే అది కొంచెం తింటుంది, 100 దగ్గర హద్దు పెట్టాను అని చెప్పాను.